బోర్డోలో పోసిన సాక

మా ఆడబిడ్డ పోయిన సంగతి నాకు అందరికంటే ఆఖరున తెలిసింది. ఫోన్ చేసి చెప్పినవాళ్ళెవరూ లేరు. సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని ఆఫీసులో నాతోపాటు పనిచేసే అమ్మాయి మధ్యాహ్నం అన్నం తింటూ ఫోన్ చూస్తూ, "అక్కా, ఈమె మీతోని ఫారిన్ వచ్చినామె కాదా?" అని ఎవరిదో స్టేటస్ చూపించింది. దండ వేసిన ఫోటో. వెనక ఓడ రైలింగ్, దాని వెనక మట్టిరంగు నది. ఆ ఫోటో మా అమ్మాయి తీసింది. అందులో పక్కన నేను కూడా ఉన్నాను. నన్ను కత్తిరించేశారు. ఆమె భుజం మీద నా నాలుగు వేళ్ళు మాత్రం మిగిలిపోయాయి.

ఆ చెయ్యి కూడా నా అంతట నేను వేసింది కాదు. మా అమ్మాయి వెయ్యమంటే వేశాను.

ఆమె కొడుక్కి ఫోన్ చేస్తే, "మా మేనత్తలకు చెప్పినోళ్ళు నీకు చెప్పిండ్రేమో అనుకున్నం అత్తా" అన్నాడు. అనుకున్నారట. తల్లి పోతే తల్లి తమ్ముడి భార్యకు చెప్పారో లేదో అనుకుని ఊరుకునే మనుషులు. అప్పటికే మట్టి అయిపోయింది. ఇక మిగిలింది పిట్టకు పెట్టేరోజు.

నేను ఆమెను వదినా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు. ఖమ్మం టౌన్‌లో పుట్టాను కాబట్టి పెళ్ళయిన రోజు నుంచీ నేను ఆమెకు ఖమ్మంపిల్లను. నాకు జుట్టు నెరిసింది, బిడ్డ ఎదిగి ఉద్యోగం తెచ్చుకుంది, మోకాళ్ళు అరిగాయి. అయినా ఖమ్మంపిల్లనే.

వాళ్ళది దుమ్ముగూడెం దాటాక గోదావరి ఒడ్డున చిన్న పల్లె. ఇళ్ళ వెనక మిర్చి చేలు, చేల వెనక అడవి. కొత్తకోడలిగా ఆ ఊరికి పోయిన రోజు దారి గుంతలకు జీపులో వాంతి చేసుకున్నాను. దిగేసరికి ఆమె ఇంటిముందు చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. నాకే ఇస్తుందనుకుని చెయ్యి చాపాను. నా పక్కనుంచి పోయి తమ్ముడి కాళ్ళ మీద పోసింది. "గీ పిల్ల నీకు వండిపెడ్తదారా, నువ్వే ఈమెకు వండిపెట్టాల్నా?" అంది. వాకిట్లో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

చిన్నప్పుడే తల్లి పోతే ఆయన్ను ఆమే సాకింది. ఆ సంగతి నాకు చెప్పనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. సాకింది సరే, పెళ్ళి చేసి ఇచ్చాకైనా వదలాలి కదా. నా ముందు ఒక్కసారి కూడా 'నీ మొగుడు' అనలేదు. ఎప్పుడూ 'నా తమ్ముడు'. కంపెనీ మాకిచ్చిన క్వార్టర్ 'నా తమ్ముని క్వార్టర్'. ఆయన పోయాక నాకిచ్చిన ఆఫీసు పని 'నా తమ్ముని నౌకరి'. మా ఇంటికి వచ్చినప్పుడల్లా, పొద్దున నేను డ్యూటీకి తయారవుతుంటే గడపలో కూర్చుని, "జల్దీ పో పిల్లా, నా తమ్ముని నౌకరికి లేటైతది" అనేది. ఆ నౌకరిలో బల్లలు తుడిచింది, ఆఫీసర్ల మాటలు పడింది నేను.

ఎక్కడ కూర్చోవాలన్నా ముందు అరచెయ్యి నేల మీద ఆనించేది. చల్లగా ఉందా, తడిగా ఉందా అని చూడటం కాదు. ఏదో అడిగినట్టుగా ఒకసారి ఆనించి, తర్వాత కూర్చునేది. మాట్లాడేటప్పుడు నా మొహం చూసేది కాదు, నా వెనక గోడనో, గోడ మీద గడియారాన్నో చూసేది. నేనేం చెప్పినా, "చూద్దాం తియ్" అనేది. పిల్లకు జ్వరం తగ్గింది వదినా అన్నా చూద్దాం తియ్. రేపు సెలవు వదినా అన్నా చూద్దాం తియ్.

ఆమె కొంగు ముడిలో ఎప్పుడూ ఒక కారం డబ్బీ ఉండేది. సొంత చేలో పండిన మిరపకాయల కారం. మా ఇంట్లో అన్నానికి కూర్చుంటే, నేను వండిన కూర నోట్లో పెట్టుకోకముందే డబ్బీ తీసి చల్లుకునేది. తిన్నాక సప్పగా ఉందని చల్లుకుంటే నేనేమీ అనను. రుచి చూడకుండానే చల్లేది. ఒకసారి పంతానికి కళ్ళలో నీళ్ళొచ్చేంత కారం వేసి వండాను. దాని మీద కూడా చల్లుకుంది. చల్లుకుని, చెమటలు కారుతుండగా గిన్నె ఊడ్చి తిని, "ఇయ్యాల జర నయం" అంది.

ఇవన్నీ చిన్నవని అంటారు. అనేవాళ్ళు పడలేదు కాబట్టి అంటారు. పెద్దది ఇప్పుడు చెప్తాను.

ఆయన గనిలో డంపర్ లారీ నడిపేవాడు. తాగేవాడు. మొదట షిఫ్ట్ దిగాక, తర్వాత షిఫ్ట్‌కి ముందు కూడా. అక్కగారి ఊరికి పోతే ఇక అడగక్కర్లేదు. జీలుగు కల్లు, ఇప్పసారా ఆమే స్వయంగా పోసేది. ఆ పొయ్యడానికి ఒక పద్ధతి. గ్లాసు నిండగానే ముందు నాలుగు చుక్కలు నేల మీద వదలాలి. అది సాక. పోయిన పెద్దలకు. వాళ్ళు తాగాకే మనం తాగాలి. అక్కాతమ్ముళ్ళిద్దరూ తల్లి పేరు తలుచుకుని సాక పోసి తాగేవాళ్ళు. నేను వంటింటి గడపలో నిలబడి చూసేదాన్ని. ఆ నాలుగు చుక్కలు పోసి తాగితే అది తాగుడు కాదు, భక్తి అన్నట్టుండేది వాళ్ళ వాలకం.

లివర్ పాడైందని కంపెనీ దవాఖానాలో చెప్పినప్పుడు నేను ఆమె ఊరిదాకా పోయి అడిగాను. "నీ చేతితోని పోసినవు వదినా. ఇప్పుడు చూడు."

ఆమె మిరపకాయల తొడిమలు తీస్తోంది. చెయ్యి ఆపలేదు. "నేను పోసింది పండుగకో పబ్బానికో. మిగిలిన దినాలు వాడు ఉన్నది నీ ఇంట్లనే గదనే ఖమ్మంపిల్లా" అంది.

జవాబు లేని మాట అన్నందుకు కూడా నేను ఆమెను క్షమించలేదు.

ఆయన పోయాడు. పిట్టకు పెట్టేరోజు వచ్చింది. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, ఆకులో పెట్టి, అందరూ దూరం జరిగి కాకి వచ్చి ముట్టేదాకా చూస్తారు. ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిందని. మటన్ పెట్టాం, చేపలపులుసు పెట్టాం, బీడీలు పెట్టాం. ఆమె సీసాలో ఇప్పసారా తెచ్చింది. నేను అడ్డం నిలబడ్డాను. ఆయన్ను చంపినదాన్ని ఆయన ఆకులో పెట్టనివ్వనన్నాను. పెళ్ళాన్ని నేను, నా మాటే చెల్లాలన్నాను. పెద్దమనుషులు కూడా, భార్య వద్దంటే వద్దన్నారు.

కాకులు చింతచెట్టు మీద కూర్చున్నాయి. కిందికి చూశాయి. దిగలేదు. ఎండ నెత్తిమీదికొచ్చింది. జనం కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డారు. ఆఖరికి ఆకు తీసి ఆవుకు పెట్టారు.

ఆమె అరిచుంటే నేనూ అరిచేదాన్ని. అరవలేదు. నా దగ్గరకొచ్చి అందరూ వినేటట్టు మెల్లగా అంది: "నా తమ్ముణ్ణి దూపతోని పంపినవు."

దూప అంటే దాహమే. కానీ దాహం అన్న మాటకు అంత ఎండిపోయిన గొంతు ఉండదు. ఆ మాట నా వెనకే సత్తుపల్లి వచ్చింది, ఆఫీసుకు వచ్చింది, నీళ్ళు తాగినప్పుడల్లా గొంతులో పడింది. ఏటా పెత్రమాసకు, పెద్దలకు పెట్టే ఆ అమావాస్య రోజున, ఆమె ఫోన్ చేసేది. "ఈ ఏడన్నా పోస్తవా?" పొయ్యను వదినా. "చూద్దాం తియ్."

ఇట్లాంటి మనిషితో నేను ఓడ ఎక్కాల్సి వచ్చింది.

మా అమ్మాయి హోటల్ మేనేజ్‌మెంట్ చదివి యూరప్‌లో తిరిగే టూరిస్టు ఓడలో పనిచేస్తోంది. గదులు సర్దేవాళ్ళ మీద సూపర్‌వైజర్. పనిచేసేవాళ్ళ ఇంటివాళ్ళు ఇద్దరు ఒక ట్రిప్పు రావచ్చట. నేను నా చెల్లెల్ని తీసుకొస్తానన్నాను. "చిన్నమ్మ వద్దమ్మా, మేనత్తను తీసుకురా. అత్త ఉంటే మస్తుంటది" అంది. కన్నది నేను, మస్తుండేది అత్త. రెండేళ్ళ కిందటి మాట.

ఓడలో ఆమెకు ఏదీ కొత్త కాలేదు. భోజనాల హాల్లో వంద రకాలు పెడితే, ప్రతిదాని మీదా కారం డబ్బీ తీసి చల్లుకుంది. వంటవాడు చూసి నవ్వి, చెయ్యి చాపి కొంచెం వేయించుకుని నాకాడు. అప్పట్నుంచి పొద్దున్నే ఆమెకు నమస్తే. నేను రోజూ వాడి ముందునుంచే పోయేదాన్ని. నాకు గుడ్ మార్నింగ్ మాత్రమే.

ఫ్రాన్స్‌లో బోర్డో అనే ఊరికి ఓడ ఏకంగా నదిలోంచి పోతుంది. సముద్రం వదిలి లోపలికి వచ్చేసరికి తెల్లారింది. నీళ్ళు చూసి నేను తెల్లబోయాను. ఫ్రాన్స్ నది అంటే నీలంగా ఉంటుందనుకున్నాను. ఆషాఢంలో వరదొచ్చిన గోదావరిలాగా ఎర్రటి మట్టినీళ్ళు. ఊరి దగ్గర బ్రిడ్జి మధ్య ముక్క మొత్తం పైకి లేచి మా ఓడకు దారిచ్చింది.

"మన భద్రాచలం బ్రిడ్జి గిట్ల లేస్తే బస్సులన్నీ యాడ నిలబడాలె?" అంది ఆమె. అని, కొంగులోంచి రూపాయి బిళ్ళ తీసి కళ్ళకద్దుకుని నదిలోకి వేసింది. భద్రాచలం బ్రిడ్జి మీద బస్సు కిటికీలోంచి వేసినట్టే.

"ఇది గోదావరి కాదు వదినా."

"నీళ్ళకు తెల్వదా ఏంది?"

నీళ్ళకు ఏం తెలుసో, ఏం తెలియదో ఆమె నాకు చెప్పలేదు. ఇంకో బిళ్ళ తీసి, "నీది నువ్వు వెయ్" అని నా చేతిలో పెట్టింది. వేశాను. మా అమ్మాయి అప్పుడే వచ్చి, భుజం మీద చెయ్యి వెయ్యమ్మా అని ఫోటో తీసింది.

ఆ రోజు అమ్మాయికి డ్యూటీ. మమ్మల్ని ఊరు చూసే గుంపులో కలిపి పంపింది. పచ్చగొడుగు పట్టుకున్న గైడ్ పిల్ల ఇంగ్లీషులో చెప్తూ ముందు నడిచింది. నాకు ఆఫీసు ఇంగ్లీషు వచ్చు కాబట్టి వదినకు చెప్పాల్సిన బాధ్యత నాది. ఒడ్డు పొడుగునా తేనెరంగు రాతి మేడలు, ఒకేలా, ఒకే ఎత్తులో. వాటి కిటికీల మీద రాతిలో చెక్కిన తలకాయలు. కొన్ని తెల్లవాళ్ళవి, కొన్ని మీసాల దేవుళ్ళవి, కొన్ని లావు పెదాల, ఉంగరాల జుట్టు మనుషులవి. ఆ చివరివాళ్ళు ఎవరని వదిన అడిగింది. ఈ ఊరి షావుకార్లు మనుషుల్ని కూడా ఓడల్లో వేసుకుపోయి అమ్మేవాళ్ళని గైడ్ చెప్పింది. నేను అదే చెప్పాను.

వదిన తలెత్తి చాలాసేపు చూసింది. "అమ్ముకున్నది సరే, వాళ్ళ తలకాయలు ఇండ్లమీద ఎందుకు పెట్టుకున్నరే? దండం పెడుతరా?"

"లేదు వదినా, అందం కోసం."

"అందానికా" అంది. ఈసారి చూద్దాం తియ్ అనలేదు.

వీధి మూల మీద చిన్న చిన్న కేకులు అమ్ముతున్నారు. ఆ ఊరి పేరున్న సరుకట. పైన నల్లగా కాలి ఉంటాయి. గైడ్ అందరికీ ఒక్కోటి ఇచ్చింది. వదిన కొరికి, "మాడిందని నువ్వు అటుకుల గిన్నె పారబోస్తివి, ఈళ్ళు మాడగొట్టి అమ్ముతున్నరు చూడు" అంది. ఆ అటుకులు మాడింది నా పెళ్ళైన కొత్తలో. అంత దూరం పోయి కూడా దాన్ని బయటికి తీసింది. పాత సంగతులు మరిచిపోవు అని అందరూ నన్నే అంటారు. ఆమెను ఎవరూ అనలేదు.

ఆ తర్వాత ఒడ్డునే ఉన్న పాత రాతి గోదాములోకి తీసుకుపోయారు. ద్రాక్షసారాకు ప్రపంచంలో పేరున్న చోటట. లోపల చీకటి, చల్లదనం, వరసగా పీపాలు. వాసన మాత్రం నాకు తెలిసిందే. పులిసిన వాసన. మా ఆయన చొక్కా వాసన. ఏ పేరు పెట్టినా, ఎంత పెద్ద మేడలో పెట్టినా అదే.

పొడుగు బల్ల మీద గ్లాసుల్లో అడుగున కొంచెం కొంచెం పోసి పెట్టారు. గైడ్ పిల్ల ఎట్లా తిప్పాలో, ఎట్లా వాసన చూడాలో, నోట్లో పోసుకుని ఎట్లా పుక్కిలించాలో చెప్పింది. పక్కన నల్లటి బకెట్ ఒకటి. గుంపులోని పెద్దమనుషులు ఒక్కొక్కరే నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, ఆ బకెట్ దగ్గరికి పోయి వంగి మెల్లగా ఉమ్మి వస్తున్నారు.

వదిన నా మోచెయ్యి పట్టుకుంది. "గా బకెట్ ఎవలి పేరు మీదనే?"

"పేరేంది వదినా?"

"సాక గాదా అది? ఒక్కొక్కలు పైలంగ వొయ్యి వంగి పోస్తలేరా? నోట్లెకెల్లి పోస్తుండ్రు! పెద్దలకు ఎంగిలిది పోస్తరా ఎవలన్న?"

"సాక కాదు. రుచి చూసి ఉమ్మేస్తారు, అంతే."

"గంత దూరం నుంచొచ్చి ఉమ్మేస్తరా?"

"అవ్."

"చూద్దాం తియ్" అంది.

అని, తన గ్లాసు తీసుకుని బల్లకు ఇవతలికి వచ్చింది. వంగి, అరచెయ్యి ఆ రాతినేలకు ఆనించింది. కూర్చుంది. నేను వద్దు వదినా అనేలోపే గ్లాసు వంచింది. "రా తమ్మీ. గిది పరదేశం సరుకు. పుల్లగుంటదేమో, నేనింకా తాగలే. జర సర్దుకో" అంది. మామూలు గొంతుతో, పక్కింట్లో ఉన్నవాణ్ణి పిలిచినట్టు.

ఎర్రటి చుక్కలు రాయి మీద పాకాయి. ఎవరో అయ్యో అన్నారు. గైడ్ పిల్ల ఒలికిపోయిందనుకుని గుడ్డ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. వదిన చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు బిడ్డా. తాగనియ్."

గైడ్ నా వైపు చూసింది. ఈమె ఏం చేస్తున్నారు అని అడిగింది. గుంపంతా నా వైపు చూసింది. ఆ మొత్తం ప్రయాణంలో అందరూ నా వైపు చూసింది ఆ ఒక్కసారే. నా భర్త కోసం అని చెప్పొచ్చు. చెప్తే, మరి మీరెందుకు పొయ్యడం లేదని అడుగుతారు. ఆ కథంతా ఆఫీసు ఇంగ్లీషులో ఎక్కడ చెప్పను? "ఆమె తమ్ముడు. చనిపోయాడు. అతనికి" అన్నాను.

అంతే. గోదాము మొత్తం కరిగిపోయింది. గైడ్ పిల్ల గుడ్డను వెనక్కి దాచుకుంది. టోపీ పెట్టుకున్న ఒక ముసలామె వచ్చి వదినను కౌగిలించుకుని కళ్ళు తుడుచుకుంది. ఒకాయన గుండె మీద చెయ్యి పెట్టుకుని తలవంచాడు. ఒక్కొక్కరు వచ్చి సారీ సారీ అని ఆమె చేతులు పట్టుకున్నారు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరికీ తల ఊపింది, సొంత వాకిట్లో పరామర్శలు అందుకుంటున్నట్టు. ఆ తమ్ముడికి భార్య ఉందా, ఉంటే ఎక్కడుంది అని ఒక్కరూ అడగలేదు. నేను నా గ్లాసు పట్టుకుని ఆమె పక్కనే నిలబడి ఉన్నాను.

వాళ్ళంతా పక్కకు పోయాక ఆమె నా గ్లాసు చూసింది. తర్వాత నా మొహం చూసింది. గోడ కాదు, గడియారం కాదు, నా మొహం.

"నువ్వు కూడ పొయ్యరాదే."

"పొయ్యను వదినా."

"నేను ఏటా పోస్తనే ఉన్న. వానికి ముడుతలేదు. కలలకొచ్చి దూపైతుందక్కా అంటడు. ఆలి చేతిమీదికెల్లి పోతెనే ముడుతది. గీడ ఎవలు చూస్తరే? మనూరా, మన ఇప్పసారానా? నాలుగు సుక్కలు."

ఆమె నన్ను బతిమాలుతోందని అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. అంతకుముందు ఎప్పుడూ వినలేదు కదా ఆ గొంతు. కానీ నేను ఆగిపోయింది వేరే మాట దగ్గర. ఆయన ఆమె కలలోకి వస్తాడు. ఇన్నేళ్ళలో నా కలలోకి ఒక్కసారి రాలేదు. డంపర్ దుమ్ము పట్టిన ఆయన బట్టలు ఉతికింది నేను, ఆఖరున బెడ్ పక్కన బేసిన్ పట్టుకుని కూర్చుంది నేను. దూపైతే చెప్పుకోవడానికి అక్క.

గ్లాసు ఎత్తి గటగటా మొత్తం నేనే తాగేశాను. జన్మలో అంతకుముందు ముట్టలేదు, ఆ తర్వాత ముట్టలేదు. పుల్లగా, ఒగరుగా, నాలుక మీద బొగ్గుపొడి చల్లినట్టుంది. దగ్గొచ్చింది. గ్లాసు బోర్లించి చూపించాను, ఇక పొయ్యడానికి ఏం లేదని.

ఆమె నన్ను చూసి చూసి నవ్వడం మొదలుపెట్టింది. పీపాలు మోగేటట్టు నవ్వింది. "నా తమ్ముని వాటా తాగినవు గదనే" అంది. ఆ సాయంత్రం మా అమ్మాయికి మొదట చెప్పిన మాట కూడా అదే. "మీ అమ్మ మీ నాయిన వాటా తాగింది బిడ్డా." ఇద్దరూ పడీపడీ నవ్వారు. నాకు తలనొప్పిగా ఉందంటే నిమ్మకాయ నీళ్ళు కూడా తేలేదు.

గోదాముకు వచ్చినవాళ్ళందరికీ తలా ఒక చిన్న సీసా ఇచ్చారు. నాది కూడా ఆమే తీసుకుంది. ఒకటి ఓడలో వంటవాడికి ఇచ్చేసింది. ఇంకోటి చీరల మధ్య చుట్టి దుమ్ముగూడెం దాటించి, దేవుడి అలమారలో పసుపుకుంకాల పక్కన పెట్టింది. అది ఎవరికని అడిగినవాళ్ళందరికీ, "మా ఖమ్మంపిల్లకు బుద్ధొచ్చిన్నాడు పోస్తది" అని చెప్పేదట. ఊరందరికీ. నా బుద్ధి సంగతి ఊరందరికీ తెలియాలి కదా.

ఇక పిట్టకు పెట్టేరోజు. నేను పొద్దున బస్సుకే పోయాను. ఇంటి వెనక గోదావరి వైపు ఖాళీ జాగాలో ఆకు వేశారు. పప్పు, రెండు కూరలు, పెరుగు, లడ్డు. అంతే. మాంసం లేదు, చేప లేదు, సీసా లేదు. ఆమె పెద్దకొడుకు ఈమధ్య ఏదో ధ్యానకేంద్రంలో చేరాడట, అవన్నీ మానేశాడట. మానేసినవాడు తను మానేయాలి, తల్లి ఆకులోంచి తీసేస్తాడా?

ఆకులు ఊగాయి, గాలి వచ్చింది, కాకులు రాలేదు. ఎండ ఎక్కింది. ముసలామె ఒకామె, "ఏదో తక్కువైందిరా, ఆమెకిష్టమైంది పెట్టుండ్రి" అంది.

పెద్దకొడుకు నా వైపు చెయ్యి చూపించాడు. "మా అత్త చేసిన తీరే మేం చేస్తున్నం. మా మామకు మందు పెట్టనియ్యలేదు అత్త. అప్పుడు అందరూ అన్నరు గని, అత్తదే కరెక్టు. తాగుడు నేర్పిన మనిషికి తాగుడు పెట్టుడేంది?"

ఇన్నేళ్ళలో ఆ ఊళ్ళో నాది కరెక్టు అన్న మొదటి మనిషి వాడు. ఎంత ఎదురుచూశానో ఆ మాట కోసం. వినగానే వాడి చెంప పగలగొట్టాలనిపించింది. ఆ మాట అనడానికి నాకు హక్కుంది. ఆమె పాలు తాగినవాడికెక్కడిది?

ఇంట్లోకి పోయాను. దేవుడి అలమారలో సీసా అక్కడే ఉంది. పక్కన కారం డబ్బీ. రెండూ తీసుకున్నాను. సీసాకు బెరడు బిరడా. లాగితే రాదు, పళ్ళతో పీకినా రాదు. దాన్ని తీసే మెలిక చువ్వ ఆ పల్లెలో ఎవరి దగ్గరుంటుంది? పొయ్యి ఊదే ఇనుప గొట్టం పెట్టి లోపలికి నెట్టాను. బిరడా లోపల పడింది, సగం సారా నా చీర మీద చిందింది. లేత రంగు చీర. ఆ మరక ఇప్పటికీ పోలేదు.

"అత్తా, ఏంది గది? వద్దు. నేను నియమంల ఉన్న" అని పెద్దకొడుకు అడ్డం వచ్చాడు.

"నువ్వుండు. నిన్నెవరు తాగమన్నరు? పక్కకు జరుగు" అన్నాను. జరిగాడు.

ఆకు ముందు కూర్చున్నాను. ముందు డబ్బీ తీసి పప్పు మీద, కూరల మీద, పెరుగు మీద కూడా కారం చల్లాను. రుచి చూడలేదు. తర్వాత సీసా వంచాను. నేల ఎండిపోయి ఉంది, పోసింది పోసినట్టే పీల్చుకుంది.

"ఇగో వదినా" అన్నాను. మెల్లగా అనలేదు, అందరూ వినేటట్టే అన్నాను. ఆమె కూడా నన్ను అందరూ వినేటట్టే అంది కదా. "నువ్వు తెచ్చుకున్నదే. తాగు. గీ ఎండల నిన్ను దూపతోని పంపిన్రని రేపు నీ కొడుకులను ఎవలు అనొద్దు. గని ఇది నీకు. నీ ఒక్కదానికి. ఆయనకు నేను పోస్తలేను. నువ్వు కూడ పొయ్యకు. ఆయన లివర్ మంచిగ లేదు. గిదొక్క మాటన్న నాది విను."

సీసా ఖాళీ అయ్యేదాకా పోసి, లేచి, చీర దులుపుకుని రోడ్డు వైపు నడిచాను. మధ్యాహ్నం బస్సు అందుకోవాలి. ఎవరూ అన్నం తిని పొమ్మనలేదు, అది కూడా చెప్పాలి. సగం దూరం పోయాక వెనకనుంచి చిన్నకొడుకు కేకేశాడు. "అత్తా! ముట్టింది! కాకి ముట్టింది!"

నేను వెనక్కి తిరగలేదు. తిరిగి చూడాల్సిందేముంది? ఆమె సంగతి నాకు తెలియదా. ముందు నాలుగు చుక్కలు తమ్ముడికి పొయ్యకుండా ఆమె ఏనాడు గ్లాసు ముట్టింది గనుక. నా మాట ఏనాడు విన్నది గనుక.